పద్యనాటకం వేసేవాడు సీరియల్‌కి ఒప్పుకోవచ్చా?

తిరుపతి_రంగస్థలి:
మహతిలో నాటకమైనా, అన్నమాచార్య కళామందిరంలో అయినా, తెర పడ్డాక బయట టీ దగ్గర లేచే తగాదా ఇదే. పద్యనాటకంలో చేయి తిరిగిన నటుడికి సీరియల్ పిలుపొస్తే పోవాలా, సినిమా వేషం వచ్చేదాకా ఆగాలా? సీరియల్‌కి పోతే మళ్లీ స్టేజీకి పనికిరాడని కొందరు, స్టేజీ వాసన పోకపోతే కెమెరాకి పనికిరాడని కొందరు. నా మటుకు నాటకం అడ్డం కానే కాదు. నటుణ్ణి పాడుచేసేది సీరియల్‌లో ప్రాంప్టింగ్, అంటే పక్కనుంచి డైలాగ్ అందించడం. కాదనేవాళ్లు కారణం చెప్పి కాదనండి, ‘కళ చచ్చిపోతోంది’ పాట మాత్రం వద్దు.

కట్‌పాయింట్:
ప్రాంప్టింగ్‌ని తిట్టడం తేలికే. రోజుకి సుమారు ఒక ఎపిసోడ్, అంటే తెర మీద ఇరవై నిమిషాల సరుకు తీయాలి. సీను కాగితం చాలాసార్లు ఆ పొద్దుటే చేతికొస్తుంది. ఇక బట్టీ ఎప్పుడు పట్టాలి?

స్టేజీ నుంచి వచ్చినవాళ్లు తప్పేది వేరే చోట. అసిస్టెంట్ మాట పూర్తిగా అందించేదాకా ఆగి, అప్పుడు మొదలుపెడతారు. ప్రతి డైలాగ్‌కి ముందు అర సెకను ఖాళీ. ఎదుటివాళ్ల క్లోజప్ ఉంటే ఎడిటర్ దాన్ని కప్పేస్తాడు, ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండే టూ షాట్ అయితే అది అట్లనే తెర మీదికి వస్తుంది. రెండోది, చూపు ప్రాంప్టర్ వైపు జారుతుంది. అతన్ని ఎదుటి నటుడి భుజం వెనక, అదే చూపు వరసలో నిలబెట్టమని అడిగితే సగం బాధ తీరుతుంది. అడగడానికి మొహమాటపడతారు, అదీ సంగతి.

అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. స్టేజీ మీద మన మాట అయిపోతే జనం చూపు ఎదుటివాడి మీదికి పోతుంది, మొహం వదులైనా ఎవరూ పట్టించుకోరు. సీరియల్‌లో మాట అయ్యాకే పని మొదలు. మ్యూజిక్ పడాలి, మూడు రియాక్షన్లు తిరగాలి. కనీసం ఐదారు సెకన్లు ఆ మొహం అట్లనే నిలవాలి. డైలాగ్ కాగానే మొహం దించేసేవాడి క్లోజప్ వాడుకోలేం. వాడుకోలేని క్లోజప్‌లు నాలుగైతే ఆ పాత్ర రాత కూడా తగ్గిపోతుంది.

హార్మోనియం_పెట్టె:
గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదే! నాలుగు, ఐదు శ్రుతిలో, అంటే బాగా ఎత్తు గొంతులో పద్యం పాడేవాడికి ఆస్తి అదే. తెలుగు సీరియళ్లలో కన్నడ నటీనటులు ఎక్కువ, అందుకని డబ్బింగ్ మామూలైపోయింది. ఆ వరసలో మన నటుడికి కూడా వేరేవాళ్లు గొంతు ఇచ్చేస్తే స్టేజీలో సంపాదించిందంతా మూట కట్టి ఇంట్లో పెట్టినట్టే. ఒప్పుకునే రోజే ‘డబ్బింగ్ నేనే చెప్తా’ అని ఖాయం చేసుకోవాలి.

డబ్బింగ్ గదిలో ఏమవుతుందంటే, స్టేజీ అలవాటుతో ప, భ, ఫ గట్టిగా పడి మైకులో టప్పుమంటాయి. జానెడు దూరం జరిగి, నోరు కాస్త పక్కకి తిప్పి చెప్పాలి. గొంతు తగ్గించమంటే చాలామంది ఊపిరే తగ్గించేస్తారు, మాట చప్పబడుతుంది. ఊపిరి కడుపులోంచే రావాలి, బయటికొచ్చే శబ్దమే తగ్గాలి. ముందు పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లో పట్టిన గొంతు విని, ఎక్కడ ఊపిరి తీసుకున్నామో కాగితం మీద గీత పెట్టుకుంటే పెదాలు కలుస్తాయి.

షూటింగ్ పదిహేను రోజులు నడిచినా పొద్దున అరగంట శ్రుతిపెట్టె ముందు కూర్చోవాల్సిందే. మానేస్తే తారషడ్జమం, అంటే పై ‘స’ దగ్గర దొరికిపోతాడు.

చిత్తూరు_పాతబస్టాండు:
స్టేజీవాడు తగ్గించి చేయలేడనేవాళ్లకి చిత్తూరు నాగయ్య గుర్తులేడా? మన చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లోంచి పోయినవాడే. 1938లో ‘గృహలక్ష్మి’. 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’ చూడండి, ఎక్కడైనా గొంతు చించుకున్నాడా? పాటలూ ఆయనవే.

కట్‌పాయింట్:
నాగయ్యని తెచ్చి సీరియల్ పక్కన పెడితే ఎట్లబ్బా! అప్పుడు పాడే నటుడే కావాలన్నారు. పైగా మద్రాసు చిత్తూరుకి నూటయాభై కిలోమీటర్లే. ఇప్పుడు తిరుపతి నుంచి హైదరాబాద్ ఒక రాత్రి రైలు, పోను ఒకటి, రాను ఒకటి.

తిరుపతి_రంగస్థలి:
సరే, జయప్రకాశ్ రెడ్డిని తీసుకో. ‘ప్రేమించుకుందాం రా’ 1997, ‘సమరసింహారెడ్డి’ 1999. అంత పేరొచ్చాక కూడా ‘అలెగ్జాండర్’ ఏకపాత్ర నాటకాన్ని ఒక్కడే మోశాడు. సినిమాలో డేట్లు ముక్కలుగా ఉంటాయి, మధ్యలో రిహార్సల్‌కి చోటు దొరుకుతుంది. సీరియల్ నెలనెలా వదలదు. అందుకే నేను సినిమా అంటున్నా.

భారతం_మిట్ట:
మీరంతా పోటీల్లో వేసే పరిషత్తు నాటకం గురించే మాట్లాడతా ఉండారు. మన పక్క వీధినాటకం వేసేవాళ్లని ఎందుకు వదిలేశారు? పద్దెనిమిది రోజుల భారతం, రాత్రంతా ఆట, చివరిరోజు దుర్యోధన వధ. మట్టితో పోసిన అంత పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు, దుర్యోధనుడు పరుగులు పెడతా ఉంటే జనం మీదమీద పడతారు. అక్కడ వచనం చాలావరకు అప్పటికప్పుడు అల్లిందే. వెనక వంతపాట, పక్కన హాస్యగాడి ఎత్తిపొడుపు. ఒక చెవి అటు పెట్టి నోటితో ఆట నడపడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. ప్రాంప్టింగ్‌కి వీళ్లు తడబడరు. తడబడేది పుస్తకం బట్టీ పట్టినవాళ్లే.

కట్‌పాయింట్:
ఇది ఒప్పుకోవాల్సిన మాటే. వీళ్లకి కంటిన్యుటీ మాత్రం నేర్పాలి. సీనంతా ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో ఏ మాట మీద గ్లాసు ఎత్తాడో క్లోజప్‌లోనూ అదే మాట మీద ఎత్తాలి. రోజుకో తీరుగా చేసే చేతికి ఇది కష్టం. సీను కాగితం మీద ఆ మాట కింద గీత కొట్టుకుంటే చాలు.

హార్మోనియం_పెట్టె:
ఇంకోటి, మీసం. సీరియల్‌లో మీసంతో కనిపిస్తే అది నడిచినన్నాళ్లూ తీయనివ్వరు. ఆ మీసంతో కృష్ణుడు ఎట్లా వేస్తారు సామీ? దుర్యోధనుడికి, కర్ణుడికి ఇబ్బంది లేదు. కృష్ణుడు వేసేవాళ్లు మొదటి లుక్ టెస్ట్‌కే నున్నగా గీసుకుని పోవాలి. అంటించే మీసంతో సర్దుకుందామంటే స్టేజీ మీద దూరానికి సరిపోతుంది గానీ క్లోజప్‌లో మీసం కుట్టిన జాలీ అంచు, అంటించే స్పిరిట్ గమ్ మెరుపు పట్టిచ్చేస్తాయి. ఏ వేషాలు వదులుకోవాలో లెక్క చూసుకుని ఆ తర్వాతే సంతకం పెట్టండి.