నడుము, మెడ నొప్పులవారి పరిస్థితిని క్రమం తప్పకుండా కొలవడానికి ఏ పద్ధతి వాడుతున్నారు?

ప్రశ్న – ఫిజియోథెరపిస్టు, దిల్‌సుఖ్‌నగర్

అందరికీ నమస్కారం. మా చిన్న క్లినిక్‌కు వచ్చేవారిలో సగానికి పైగా నడుము, మెడ నొప్పులవారే. ఇటీవల ఇద్దరు జూనియర్లు చేరారు. ఒకే రోగి కేసు షీటులో ఒకరు ‘కొంత నయం’ అనీ, మరొకరు ‘పరవాలేదు’ అనీ రాస్తుండటంతో, ఇకపై అందరం ఒకే పద్ధతిలో కొలిచి నమోదు చేయాలని నిర్ణయించుకున్నాం. అయితే ప్రశ్నావళులు చూడబోతే చాలా ఉన్నాయి, ఓపీలో ఒక్కొక్కరికి దొరికే సమయం మాత్రం తక్కువ. పైగా చదవడం రానివారు, ఉర్దూ మాత్రమే మాట్లాడేవారు కూడా వస్తుంటారు. రోజువారీ ప్రాక్టీసులో ఏది, ఎంత తరచుగా వాడితే ఉపయోగం ఉంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు – సీనియర్ ఫిజియోథెరపిస్టు, సికింద్రాబాద్

మేడమ్, ఏ ప్రశ్నావళి అన్నదానికంటే ముందు, వచ్చిన అంకెను చూసి మీరు ఏ నిర్ణయం మార్చుకుంటారో తేల్చుకోవడం మంచిది. ఏ నిర్ణయాన్నీ మార్చని కొలత వల్ల రోగికి శ్రమ, ఫైలుకు బరువు తప్ప మరేమీ మిగలదు.

మేము నడుముకు, నొప్పి వల్ల రోజువారీ పనులకు ఎంత ఇబ్బంది కలుగుతోందో అడిగే ప్రశ్నావళి అయిన, 1980లో వెలువడిన ఓస్వెస్ట్రీ సూచికను, మెడకు దాని నమూనాలోనే 1991లో రూపొందించిన సూచికను వాడుతున్నాం. రెండింటిలోనూ పది అంశాలు ఉంటాయి. ఒక్కొక్కదానికి 0 నుంచి 5 మార్కులు. మొత్తం 50కి వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే శాతం తెలుస్తుంది. ఓస్వెస్ట్రీలో 20 శాతం వరకు స్వల్ప ఇబ్బంది, 21 నుంచి 40 వరకు మధ్యస్థం, ఆపైన 60 వరకు తీవ్రం అని లెక్క. రోగి ఏదైనా అంశాన్ని వదిలేస్తే అక్కడ సున్నా వేయకూడదు. దాంపత్య జీవితం గురించి అడిగే అంశాన్ని మన దగ్గర చాలామంది ఖాళీగా వదిలేస్తారు కాబట్టి జూనియర్లకు ఈ సంగతి మొదటి రోజే చెప్పండి: తొమ్మిది అంశాలకే జవాబిచ్చిన వ్యక్తికి 18 మార్కులు వస్తే 45తో భాగించాలి, అది 40 శాతం అవుతుంది గానీ 36 కాదు.

నొప్పికి 0 నుంచి 10 వరకు ఉండే కొలమానం చాలు. పెద్దవయసువారికి ‘రూపాయిలో ఎన్ని పైసల నొప్పి ఉంది’ అంటే వెంటనే అందుతుంది. అయితే మొదటి రోజు రూపాయి లెక్కలో అడిగినవారిని చివరిదాకా అదే లెక్కలో అడగాలి. ‘ఎంత తగ్గింది’ అని మాత్రం అడగకండి. వైద్యం చేసిన మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే, మొహమాటానికైనా తగ్గిందనే అంటారు. ‘ఈ వారం మొత్తం మీద ఎంత ఉంది’ అని అడిగి, పాత అంకెతో మీరే పోల్చుకోండి. 6 నుంచి 5కు దిగినంత మాత్రాన మెరుగుదలగా లెక్క వేయలేం. తొలి అంకెలో 30 శాతం తగ్గితేనే అర్థవంతమైన మార్పుగా పరిగణించాలని 2008 నాటి అంతర్జాతీయ ప్రతిపాదన సూచించింది. ఓస్వెస్ట్రీకి కూడా అదే 30 శాతం, లేదా సుమారు పది పాయింట్లు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువగా పనికివచ్చేది, రోగి తనకు కష్టమవుతున్న పనులను తానే ఎంచుకుని మార్కులు వేసే కొలమానం. ఓస్వెస్ట్రీ కుర్చీలో కూర్చోవడం గురించి అడుగుతుంది. గొంతుకూర్చోవడం గురించి, బాసింపట్టు వేసుకుని అన్నం తినడం గురించి అడగదు. పాతబస్తీ నుంచి వచ్చే పెద్దమనిషికి నమాజులో సజ్దాకు, అంటే నుదురు నేలకు ఆనించడానికి, వంగగలగడమే అసలు విషయం. అలాంటి పనులు మూడు రాసుకుని, అసలు చేయలేకపోతే 0, మునుపటిలా చేయగలిగితే 10 అని వేయించండి. ఇక్కడ అంకె పెరగడం మంచిది, నొప్పిలో తగ్గడం మంచిది. ఈ తేడాను షీటు మీదే అచ్చు వేయించండి. ఒక్క పనికి కనీసం 3 పాయింట్లు మారితేనే నిజమైన మార్పు అనుకోవచ్చు.

పని కొలమానం, నొప్పి అంకె ప్రతి వారం. పెద్ద ప్రశ్నావళి మొదటి రోజు, నాలుగో వారంలో, ముగింపులో. చదవలేనివారికి వైద్యం చేయని సిబ్బంది ఒకరు ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలి. పక్కనున్న కొడుకో కోడలో జవాబు చెప్పకుండా చూసుకోవాలి. జూనియర్లు ఎవరికి వారు అప్పటికప్పుడు అనువదించి అడిగితే ఒకరి అంకెకూ ఇంకొకరి అంకెకూ పొంతన ఉండదు. ఓస్వెస్ట్రీకి కాపీరైటు ఉంది. ఆమోదం పొందిన భాషారూపాల కోసం, ఇలాంటి ప్రశ్నావళులను అందించే మాపీ రీసెర్చ్ ట్రస్టు అనే సంస్థను అడగండి.

జవాబు – బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, ఉప్పల్

ఒక హెచ్చరిక. నొప్పి బాగా ఎక్కువైనప్పుడే మనుషులు క్లినిక్‌కు వస్తారు. కొత్తగా మొదలైన నడుము నొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కాబట్టి ముందు, తర్వాత అంకెల మధ్య తేడా అంతా మీ వైద్యం ఫలితమే అని బోర్డు మీద రాయకండి. మధ్యలో మానేసినవారికి ఫోను చేసి అయినా అంకె తీసుకోండి. నయమై రావడం మానేసినవారెవరో, విసుగెత్తి మానేసినవారెవరో షీటు చెప్పదు.

జవాబు – రోగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

ఈ కాగితాలు నింపినవాడిగా ఒక మాట. నేను ముందు వెళ్లిన చోట ప్రతిసారీ ఫారం నింపించుకుని, నా కళ్ల ముందే చూడకుండా ఫైలులో పెట్టేసేవారు. కొన్నాళ్లకు నేనూ ఏదో ఒక గడిలో టిక్కు పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు వెళ్తున్న చోట పాత షీటునూ కొత్త షీటునూ పక్కపక్కన పెట్టి చూపించారు. నొప్పి 7 నుంచి 6కే దిగింది గానీ, అరగంటకు మించి కూర్చోలేని నేను గంట కూర్చోగలుగుతున్నానని అందులో కనిపించింది. ఆ మార్పు నా అంతట నాకు తట్టలేదు. వ్యాయామాలు మానకపోవడానికి అదే కారణం. దయచేసి నింపించుకున్నది రోగికి చూపించండి.

అడిగినవారు

ధన్యవాదాలు. చిన్న సందేహం: నాలుగు వారాలైనా అంకె కదలని రోగులు, ఎంత నయమైందో తేల్చుకోవడానికి మళ్లీ ఎం.ఆర్.ఐ. తీయిస్తామంటారు. వారికేం చెప్పాలి?

జవాబు – సీనియర్ ఫిజియోథెరపిస్టు, సికింద్రాబాద్

ఎం.ఆర్.ఐ. నయాన్ని కొలిచే సాధనం కాదండీ. ఏ నొప్పీ లేనివారి స్కానులను సమీక్షించిన 2015 నాటి పరిశోధనలో, యాభై ఏళ్ల వయసువారిలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అంకె కదలనప్పుడు నేను కీల్ విశ్వవిద్యాలయం రూపొందించిన స్టార్ట్ బ్యాక్ అనే తొమ్మిది ప్రశ్నల సాధనాన్ని అడుగుతాను. కదిలితే ఏమవుతుందోనన్న భయం, దిగులు ఎక్కువగా ఉన్నట్టు తేలితే సిట్టింగులు పెంచడం కంటే ఆ భయం గురించి మాట్లాడటానికి సమయం కేటాయించడం మేలు. నిజానికి ఇది మొదటి రోజే అడగదగినది.

మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో బలం తగ్గుతూ రావడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్: వీటిని మాత్రం స్కోరుతో సంబంధం లేకుండా ప్రతి సిట్టింగులో అడిగి తెలుసుకోవాలి. మొదటి మూడింటిలో ఏది కనిపించినా వచ్చే వారం అంకె కోసం ఎదురుచూడకుండా, అదే రోజు ఎమర్జెన్సీకి పంపించండి, అప్పుడు ఎం.ఆర్.ఐ. తప్పనిసరి.