మిల్వాకీ బ్రూవర్స్: ఎవర్ని ఎప్పుడు అమ్ముతారు, డబ్బు ఎక్కడ పెడతారు?

గుంటూరు_గ్లవ్:
అమెరికా బేస్‌బాల్ టీమ్ మిల్వాకీ బ్రూవర్స్ 2024 ఫిబ్రవరిలో పిచ్చర్ (బంతి వేసేవాడు) కార్బిన్ బర్న్స్‌ని బాల్టిమోర్‌కి ఇచ్చేశారు, ఆ ఏడాది 93 మ్యాచ్‌లు గెలిచారు. డిసెంబర్‌లో డెవిన్ విలియమ్స్‌ని యాంకీస్‌కి ఇచ్చారు, 2025లో 97 గెలిచారు. టీమ్ చరిత్రలో అదే రికార్డు. మేజర్ లీగ్ (అక్కడి అగ్రశ్రేణి లీగ్) మొత్తంలో అతి చిన్న టీవీ మార్కెట్ మిల్వాకీదే. పేరున్న ఆటగాణ్ణి అమ్మిన ప్రతిసారీ "ఓనర్ డబ్బు తీయడు" అన్న మాట తప్ప సరైన లెక్క ఎక్కడా కనపడదు. ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) జరిగిన రోజే అది మంచిదో కాదో అంచనా వేయాలంటే ఏమేం చూడాలి? వివరంగా రాయండి.

మిల్వాకీ_మావయ్య:
మొదట చూడాల్సింది సర్వీస్ టైమ్. మేజర్ లీగ్ రోస్టర్‌లో (జట్టు జాబితాలో) 172 రోజులుంటే ఒక సర్వీస్ ఏడాది. అలాంటివి ఆరు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ టీమ్‌తోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. మామూలుగా మొదటి మూడేళ్లూ కనీస జీతానికి దగ్గర్లోనే ఇస్తారు (2025లో కనీసం 7.6 లక్షల డాలర్లు). తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్ (మాట కుదరకపోతే జీతం మధ్యవర్తులు తేల్చడం), ఏటా జీతం పెరుగుతూ పోతుంది. అంటే చిన్న టీమ్‌కి ఆటగాడు అతి చౌకగా దొరికేది మొదటి మూడేళ్లు, ఖరీదయ్యేది చివరి ఏడాది.

ఇప్పుడు బర్న్స్ సంగతి చూడండి. 2024 అతని ఆఖరి ఏడాది, జీతం సుమారు 1.56 కోట్ల డాలర్లు. అతనికి బదులుగా వచ్చినవి మూడు: జోయ్ ఆర్టిజ్, డీఎల్ హాల్, 2024 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) 34వ పిక్, అంటే 34వ వంతు. ఒక్క సీజన్ ఇచ్చి ఆర్టిజ్ మీద ఆరు సీజన్ల హక్కు తెచ్చుకున్నారు. ఆర్టిజ్ వచ్చిన ఏడాది మూడో బేస్‌లో ఆడాడు, మరుసటి ఏడాది షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డింగ్ స్థానం) ఖాళీ అయితే అక్కడికి మారాడు. హాల్‌కి దెబ్బలు తగులుతూనే ఉన్నాయి, ఆ భాగం ఇంకా ఫలించలేదు. అయినా నా దృష్టిలో ఇది మంచి బేరమే.

విలియమ్స్ విషయమూ అంతే. అతనికీ ఒక్క ఏడాదే మిగిలింది. బదులుగా నెస్టర్ కోర్టెస్, కేలబ్ డర్బిన్, కొంత నగదు వచ్చాయి. కోర్టెస్‌కి మోచేయి దెబ్బ తగిలి రెండు మ్యాచ్‌లకే ఆగిపోయాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోని డర్బిన్ మాత్రం మూడో బేస్ పట్టేసి, నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) రూకీ (కొత్త ఆటగాడి) అవార్డు ఓట్లలో మూడో స్థానంలో నిలిచాడు.

లెఫ్టీ_రిలీవర్:
మావయ్యగారు చెప్పినదంతా ఆఫ్ సీజన్‌లో జరిగిన ట్రేడ్‌లకి సరిపోతుంది. సీజన్ మధ్యలో అదే లెక్క వేస్తే ఏమవుతుందో క్లోజర్ (మ్యాచ్ ఆఖర్లో వచ్చి ముగించే పిచ్చర్) జాష్ హేడర్ ట్రేడ్ చూపించింది. 2022 ఆగస్టు 1న టీమ్ తన డివిజన్‌లో (ఐదు టీమ్‌ల గుంపులో) ముందుంది. అలాంటప్పుడు హేడర్‌ని పాడ్రేస్‌కి పంపి టేలర్ రోజర్స్, డినెల్సన్ లామెట్, రాబర్ట్ గాసర్, ఎస్టేరీ రూయిజ్‌లని తెచ్చారు. లామెట్‌ని ఒకట్రెండు రోజుల్లోనే రోస్టర్ నుంచి తప్పించారు, రాకీస్ తీసుకున్నారు. టీమ్ 86 గెలుపుల దగ్గర ఆగింది. 87 గెలిచిన ఫిలడెల్ఫియా ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ దశకి) వెళ్లి, అక్కణ్ణుంచి వరల్డ్ సిరీస్ (ఫైనల్) దాకా చేరింది.

క్లోజర్ పోవడం వల్ల ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్స్‌లు మాత్రమే కాదు, ఆరు, ఏడు కూడా దెబ్బ తింటాయి. ప్రతి రిలీవర్ (మొదలుపెట్టిన పిచ్చర్ తర్వాత వచ్చేవాడు) ఒక మెట్టు పైకి జరగాలి కాబట్టి కింద మిగిలేవాళ్లు బలహీనులు. మొదటి స్థానంలో ఉన్న టీమ్ సీజన్ మధ్యలో చేయకూడని పని ఇది.

మిల్వాకీ_మావయ్య:
ఆ సీజన్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ డిసెంబర్‌లో మూడు టీమ్‌ల ట్రేడ్ ఒకటి జరిగింది. రూయిజ్ ఓక్లాండ్‌కి వెళ్లాడు, షాన్ మర్ఫీ అట్లాంటాకి వెళ్లాడు, మనకి క్యాచర్ విలియమ్ కాంట్రేరస్, రిలీవర్ జోయెల్ పయాంప్స్ వచ్చారు. కాంట్రేరస్ మీద 2027 దాకా హక్కు. రూయిజ్ ఒక్కడితో అంత స్థాయి క్యాచర్ దొరకడం మామూలు విషయం కాదు.

విస్కాన్సిన్_వైజాగ్:
అమ్మకాల గురించే మాట్లాడుతున్నారు గానీ వీళ్లు డబ్బు గట్టిగా పెట్టే చోటు వేరే ఉంది. ఆటగాడు ఇంకా చిన్నవాడుగా ఉండగానే దీర్ఘకాలం ఒప్పందం రాయించుకోవడం.

జాక్సన్ చోరియో: 2023 డిసెంబర్‌లో, మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, ఎనిమిదేళ్లకి 8.2 కోట్ల డాలర్లు. 2032, 2033కి టీమ్ ఆప్షన్లు (కావాలంటే టీమ్ కొనసాగించుకోవచ్చు) అదనం. మామూలు దారిలో అయితే 2029 తర్వాత వెళ్లిపోయేవాడు. ఇప్పుడు రెండు ఫ్రీ ఏజెంట్ సీజన్లు ఖాయంగా, మరో రెండు కావాలంటే చేతిలో ఉన్నాయి. ఇంకో లాభం కూడా ఉంది. సర్వీస్ టైమ్ మిగుల్చుకోవడం కోసం అతన్ని ఏప్రిల్‌లో కింద లీగ్‌లో కూర్చోబెట్టాల్సిన అవసరం పోయింది, సీజన్ మొదటి రోజు నుంచే ఆడించారు.

ఫ్రెడీ పెరాల్టా: 2020లో ఐదేళ్లకి 1.55 కోట్లు, 2025, 2026కి చెరో 80 లక్షల ఆప్షన్. 2025లో 17 విజయాలు, 2.70 ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్‌లు), 204 స్ట్రైకౌట్లు. ఆ స్థాయి స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) ఫ్రీ ఏజెంట్ మార్కెట్‌లో అంతకు రెట్టింపు పెట్టినా దొరకడు.

అదే పని ఆలస్యంగా చేస్తే క్రిస్టియన్ యెలిచ్ ఒప్పందంలా అవుతుంది. 2018లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు), 2019లో మోకాలి చిప్ప విరిగింది, 2020 మార్చిలో మొత్తం 21.5 కోట్లకి 2028 దాకా రాశారు. తర్వాత నడుం నొప్పి, 2024లో సర్జరీ. పెద్ద మార్కెట్ టీమ్‌కి ఇలాంటి ఒప్పందం ఒకటి చెడినా తట్టుకుంటుంది. పదకొండు, పన్నెండు కోట్ల పేరోల్‌లో (మొత్తం జీతాల్లో) ఒక్కడికే రెండు కోట్లకి పైగా పోతే మిగతా పాతికమందిని చౌకగానే తేవాలి.

గుంటూరు_గ్లవ్:
మరి షార్ట్‌స్టాప్ విల్లీ అడామెస్‌ని ఎందుకు అమ్మలేదు? అతనికీ 2024 ఆఖరి ఏడాదే కదా.

మిల్వాకీ_మావయ్య:
రెండు కారణాలు. బర్న్స్ పోయాక అదే శీతాకాలంలో అడామెస్‌నీ పంపితే డివిజన్ వదులుకున్నట్టే, షార్ట్‌స్టాప్‌లో అప్పటికి నిరూపించుకున్నవాళ్లు వేరే ఎవరూ లేరు. రెండోది క్వాలిఫయింగ్ ఆఫర్. వెళ్లిపోబోయే ఆటగాడికి టీమ్ ఒక ఏడాది ఒప్పందం ఇస్తుంది, 2024లో ఆ మొత్తం 2.105 కోట్లు. అతను కాదని వేరే టీమ్‌తో 5 కోట్లు, ఆపైన సంతకం చేస్తే, రెవెన్యూ షేరింగ్ (ఉమ్మడి ఆదాయంలో వాటా) అందుకునే టీమ్‌కి డ్రాఫ్ట్ మొదటి రౌండ్ అయిపోగానే ఒక పిక్ వస్తుంది. అడామెస్ శాన్‌ఫ్రాన్సిస్కోతో 18.2 కోట్లకి వెళ్లాడు, పిక్ వచ్చింది. కాబట్టి ట్రేడ్‌లో వచ్చేది ఆ ఒక్క పిక్ కన్నా బాగా ఎక్కువ ఉంటేనే అమ్మాలి.

ఒక జాగ్రత్త: సీజన్ మధ్యలో తెచ్చుకున్న ఆటగాడికి ఈ ఆఫర్ ఇవ్వడానికి వీల్లేదు. ఇదివరకు ఒకసారి అందుకున్నవాడికీ కుదరదు. ఆటగాడు ఒప్పుకునే ప్రమాదం కూడా ఉంది. 2025 నవంబర్‌లో పిచ్చర్ బ్రాండన్ వుడ్రఫ్ సరేనన్నాడు, ఒక్క ఏడాదికి 2.2 కోట్లకి పైగా ఖర్చు నెత్తిన పడింది.

నాష్‌విల్_షటిల్:
ట్రేడ్ వివరాల్లో చాలామంది వదిలేసే అంశం "మైనర్ లీగ్ ఆప్షన్లు", అంటే ఆటగాణ్ణి కింద లీగ్‌కి పంపే అవకాశాలు. 40 మంది రోస్టర్‌లో ఉన్న ఆటగాణ్ణి వేవర్స్ (ముందు మిగతా టీమ్‌లకి తీసుకునే అవకాశం ఇవ్వడం) లేకుండా కిందకి పంపడానికి సాధారణంగా మూడు సీజన్లే అవకాశం. ఒక సీజన్‌లో మొత్తం 20 రోజులు కింద ఉంటే ఆ ఏడాది ఆప్షన్ ఖర్చయినట్టే. ఒకే సీజన్‌లో ఐదుసార్లకి మించి పంపకూడదు. పంపిన పిచ్చర్ 15 రోజులు కిందే ఉండాలి, పైన ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప.

బుల్‌పెన్‌లో (రిలీవర్ల బృందంలో) ఆప్షన్లున్న పిచ్చర్లు ముగ్గురు, నలుగురు ఉన్నారంటే ముందు రోజు అలిసిపోయినవాణ్ణి నాష్‌విల్ (మిల్వాకీ కింద లీగ్ టీమ్) పంపి తాజా పిచ్చర్‌ని రప్పించుకోవచ్చు. అందరూ ఆప్షన్లు అయిపోయినవాళ్లయితే అలిసిన చేయితోనే మర్నాడూ వేయించాలి, అక్కడే మ్యాచ్‌లు పోతాయి. అందుకే ట్రేడ్‌లో వచ్చిన అనామక రిలీవర్‌కి రెండు ఆప్షన్లు మిగిలాయంటే దానికీ విలువ కట్టండి.

లెఫ్టీ_రిలీవర్:
ఇవన్నీ 162 మ్యాచ్‌ల సీజన్‌కి బాగా పనిచేస్తాయి. 2025 ఎన్‌ఎల్‌సీఎస్‌లో (నేషనల్ లీగ్ ఫైనల్‌లో) లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద నాలుగు మ్యాచ్‌లలో కొట్టింది మొత్తం నాలుగు రన్‌లు, మ్యాచ్‌కి ఒకటి. అవతల పేరోల్ 30 కోట్లకి పైన. ఐపీఎల్‌లో 2025 వేలానికి ప్రతి ఫ్రాంచైజీకీ ఒకటే పర్సు, 120 కోట్ల రూపాయలు. ఇక్కడ అలాంటి గరిష్ఠ పరిమితి లేదు, గీత దాటితే పన్ను కడతారు అంతే. స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి ఖాతాలో వేసి అందరికీ సమానంగా పంచినా ఆ తేడా పూడదు. ఇంకో పవర్ హిట్టర్ మీద జూలైలోనే ఖర్చు పెట్టాల్సింది.

విస్కాన్సిన్_వైజాగ్:
హిట్టర్‌ని తెచ్చారు కదండీ, డబ్బు కాకుండా మిగులు పిచ్చర్‌ని ఇచ్చి. జూన్‌లో ఏరన్ సివాలేని వైట్ సాక్స్‌కి ఇచ్చి, అప్పుడు ట్రిపుల్ ఏలో (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింద) ఉన్న ఆండ్రూ వాన్‌ని తీసుకున్నారు. మొదటి బేస్ ఆటగాడు హాస్కిన్స్ బొటనవేలికి దెబ్బ తగలగానే పైకి పిలిస్తే మొదటి బ్యాటింగ్‌లోనే డాడ్జర్స్ మీద మూడు రన్‌ల హోమ్ రన్. జూలై ఆఖర్లో అరిజోనా నుంచి రిలీవర్ షెల్బీ మిల్లర్‌ని తెచ్చినప్పుడు, సర్జరీ అయి ఆడలేని జోర్డన్ మాంట్‌గమరీని కూడా తీసుకుని అతని జీతంలో కొంత భరించారు. అవతలివాళ్ల బరువు మోస్తామంటే మంచి ప్రాస్పెక్ట్‌ని (ఎదుగుతున్న కుర్రాణ్ణి) ఇవ్వక్కర్లేదు. ఈసారి జూలైలో ట్రేడ్ వార్త చదివేటప్పుడు పేర్లతో పాటు "మిగిలిన జీతం ఎవరు కడుతున్నారు" అన్న వాక్యం కూడా వెతకండి.