సింగిల్ ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్: గేటు మీద అర ఎలక్ట్రాన్ చార్జి ఎలా సాధ్యం?

ఒంగోలు ఈసీఈ అమ్మాయి:
ఒంగోలులో బీటెక్ చదువుతున్నాను. వచ్చే వారం దీని మీదే సెమినార్, టెన్షన్‌గా ఉంది. కరెంటు వచ్చే కొన సోర్స్, పోయే కొన డ్రెయిన్, వాటి మధ్య చిన్న లోహపు దీవి, దాన్ని పక్కనుంచి అదుపు చేసే గేటు ఉంటాయని, ఎలక్ట్రాన్లు దాని మీదికి ఒక్కొక్కటిగా వస్తాయని తెలిసింది. కానీ గేటు చార్జి అర ఎలక్ట్రాన్‌కి సరిపడా ఉన్నప్పుడే కరెంటు బాగా పారుతుందంటారు. ఎలక్ట్రాన్‌ని సగం చేయలేం కదా?

కావలి ఫిజిక్స్ మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, ఆగాల్సిన చోటే ఆగావు. దీనికి ప్రాణమంతా అక్కడే ఉంది.

సోర్స్, డ్రెయిన్ వైపు పల్చటి ఇన్సులేటర్ పొరలుంటాయి. ఎలక్ట్రాన్ వాటిని టన్నెలింగ్‌తో (అడ్డుపొరలోంచి క్వాంటమ్ పద్ధతిలో చొచ్చుకుపోవడం) దాటితే మొత్తంగా దాటుతుంది, లేదా దాటదు. అందుకే దీవి మీది ఎలక్ట్రాన్ల లెక్క ఎప్పుడూ పూర్ణాంకమే. గేటు వైపు దాటే దారే లేదు, అది వట్టి కెపాసిటర్. గేటు వోల్టేజి మారిస్తే దీవిలోని ఎలక్ట్రాన్ల గుంపంతా అయాన్ల మీద రవ్వంత పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడు ఎంతైనా ఉండొచ్చు. కాబట్టి గేటు రప్పించే చార్జి 0.3 వంతు కావచ్చు, 0.5 వంతూ కావచ్చు.

గేటు చార్జి సున్నా అనుకో. కొత్త ఎలక్ట్రాన్ రావాలంటే చార్జింగ్ శక్తి కావాలి, చిన్న వోల్టేజి దాన్ని ఇవ్వలేదు, కరెంటు ఆగిపోతుంది. ఇదే కూలుంబ్ బ్లాకేడ్. గేటు చార్జి 0.5 అయితే, దానికీ దీవి మీదికి అదనంగా వచ్చిన ఎలక్ట్రాన్ల లెక్కకీ మధ్య తేడా చూడు: ఎలక్ట్రాన్ రాకముందు 0.5, వచ్చాక కూడా 0.5, గుర్తు మాత్రమే మారింది. శక్తి ఆ తేడా వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక రెండు స్థితులూ సమానం. ఒకటి వస్తుంది, పోతుంది, ఇంకోటి వస్తుంది.

ఒంగోలు ఈసీఈ అమ్మాయి:
ఇప్పుడు తెలిసింది సార్! మరి ఇవి ఫోన్లలో ఎందుకు లేవు?

నెల్లూరు శ్రోత:
వేడి వల్లమ్మా. దీవి మొత్తం కెపాసిటెన్స్ 1 ఆట్టోఫారడ్ (10⁻¹⁸ ఫారడ్) ఉంటే చార్జింగ్ శక్తి 80 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. మన మే నెల ఎండలో వేడి శక్తే 27 దాకా ఉంటుంది. ఆ తేడా చాలదు, దీవి కొన్ని నానోమీటర్లకు తగ్గాలి. 1987లో బెల్ ల్యాబ్స్‌లో ఫుల్టన్, డోలన్ దీన్ని చేసి చూపింది కూడా అతిశీతల స్థితిలోనే. పైగా పక్కనున్న పొరలో ఒక్క చార్జి అటూఇటూ అయినా గేటు లెక్క మారిపోతుంది. ఆ సున్నితత్వం వల్లే చార్జి కొలిచే పరికరంగా ఇది గొప్పది.

కావలి ఫిజిక్స్ మాస్టారు:
సెమినార్‌లో గేటు చార్జికీ శక్తికీ గ్రాఫ్ గీయమ్మా, పక్కపక్కనే రెండు పారాబోలాలు (గిన్నె ఆకారపు గీతలు), ఎలక్ట్రాన్ రాకముందుకి ఒకటి, వచ్చాక ఒకటి. అవి కోసుకునే చోటు చూపించి, అక్కడే మాట్లాడు.