క్లాసులో చదివి వినిపించడానికి మంచి పుస్తకం చెప్పండి

విశాఖ ఎం.వి.పి. కాలనీలో నాలుగో తరగతికి చెబుతాను. ఈ ఏడాది వినికిడి మిషన్ పెట్టుకునే పాప చేరింది. మొన్న ఒకడు దాన్ని లాగి చూశాడు. పాప ఏడవలేదు, జడ ముందుకేసుకుని చెవి కప్పేసుకుంది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. నీతులు చెప్పే పుస్తకం మాత్రం వద్దు.

జవాబు: తెత్సుకో కురొయనాగి ‘తొత్తోచాన్’ చదవండి మేడమ్, తెలుగులో ‘రైలుబడి’. పోలియో వచ్చిన స్నేహితుణ్ణి కథలోని తొత్తోచాన్ అనే పాప చెట్టెక్కిస్తుంది. జాలి పడదు, చెమటలు కక్కుతూ పైకి లాగుతుంది. మావాడు ఊపిరి బిగబట్టి విన్నాడు.

జవాబు: సెసీ బెల్ ‘ఎల్ డెఫో’, 2014లో వచ్చిన బొమ్మల కథ. నాలుగేళ్లకే వినికిడి పోయిన రచయిత్రి సొంత అనుభవం. అందులో అందరూ పొడవాటి చెవుల కుందేళ్లే! ఇంగ్లిష్‌లో ఉంది, బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పండి. కానీ ముందు పాపను అడగండమ్మా. నాకు ఒక కాలు పొట్టి. చిన్నప్పుడు మాస్టారు నన్ను నిలబెట్టి, ‘వీణ్ణి ఏడిపించకండి’ అన్నారు. ఆ రోజంతా తల ఎత్తలేదు.

మళ్లీ నేనే: అడిగాను. కుందేళ్లది ఇంటికి తీసుకెళ్లి ముందు తను చదువుతానంది. క్లాసులో ‘రైలుబడి’ మొదలుపెట్టాం. బెల్లు కొట్టేసరికి నిచ్చెన దగ్గర ఆగాం.