ఫారంలో మావాడికి మార్కులు ఎక్కువొచ్చాయి, సంతోషపడాలా ఏడవాలా?

కొర్లగుంట అమ్మ:
మావాడికి ఐదేళ్లు. ఏడు నెలల క్రితం అమెరికా నుంచి తిరుపతికి వచ్చేశాం. అక్కడి టీచర్ "భలే ప్రశ్నలు వేస్తాడు" అని మెచ్చుకునేది, ఇక్కడేమో ఎదురు మాట్లాడతాడు, క్లాసులో లేచి తిరుగుతాడు అని రోజూ డైరీలో రాస్తున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే సీబీసీఎల్ (చైల్డ్ బిహేవియర్ చెక్‌లిస్ట్, పిల్లల ప్రవర్తన గురించి పెద్దవాళ్లు నింపేది) అనే ఫారం ఇచ్చారు. వంద దాకా వాక్యాలు ఉంటాయి, గత రెండు నెలలు గుర్తు చేసుకుని ఒక్కోదానికీ 0 (లేదు), 1 (కొంచెం), 2 (ఎక్కువ)ల్లో ఒకటి చుట్టాలి. మొత్తం ఎంత ఎక్కువైతే సమస్యలు అంత ఎక్కువని లెక్క. "ఒంటరిగా పడుకోవడానికి ఇష్టపడడు" దగ్గర పెన్ను ఆగిపోయింది. మా ఇంట్లో ఒంటరిగా పడుకునేదెవరు? హాల్లో చాపలేసి అవ్వ, వీడు, మా ఆడపడుచు పిల్లలు, ఫ్యాను కింద చోటు కోసం రోజూ కొట్లాటే. నేను 2 చుట్టాను. అవ్వ చూసి "సున్నా పెట్టు, నా పక్కన కాకపోతే ఎక్కడ పడుకుంటాడు" అని కసిరింది. టీచర్ నింపిన ఫారం చూస్తే అసలు వేరే పిల్లోడిలా ఉంది. ఈ ఫారం మన పిల్లలకి సరిపోతుందా?

జాతర బ్యాచ్:
మావాడికి తొమ్మిది. వాళ్ల వయసు ఫారంలో బూతులు మాట్లాడతాడా అని ఉంటుంది. సరిగ్గా గంగమ్మ జాతర అయిన వారం నింపాను అక్కా! వేషం కట్టి వీధంతా తిడుతూ తిరిగితే అది మొక్కు, దానికి ఎంత చుట్టాలి?

సైకాలజీ చదివినామె:
ఆ ఫారం వెర్మాంట్ యూనివర్సిటీలో థామస్ అకెన్‌బాక్ తయారుచేసింది. చాలా దేశాల్లో వాడి చూశాక, మామూలు పిల్లలకే స్కోర్లు తక్కువగా, మధ్యస్థంగా, ఎక్కువగా వచ్చే సమాజాలని మూడు గుంపులు చేశారు, ఏ గుంపుతో పోల్చారన్నదాన్ని బట్టి అదే స్కోరు మామూలూ కావచ్చు, ఎక్కువా కావచ్చు. కాబట్టి మీ డాక్టర్‌ను ముందు అది అడగండి. టీచర్‌కీ మీకూ తేడా రావడం వింతేం కాదు. 1987లో 119 అధ్యయనాలు కలిపి చూస్తే, పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, అమ్మానాన్నల్లా ఒకే రకం వాళ్ల మధ్య పొంతన సగటున 0.60 ఉంటే, తల్లిదండ్రులు, టీచర్లలా వేరే రకం వాళ్ల మధ్య 0.28 మాత్రమే. పెద్దవాళ్లకి ఏది బెంగ అన్నది కూడా మారుతుంది. థాయ్‌లాండ్‌లో, అమెరికాలో ఒకే పిల్లాడి కథ చెప్పి అడిగితే థాయ్ పెద్దలు తక్కువ కంగారుపడ్డారు, పెరిగితే సర్దుకుంటుంది అన్నారు. మన అవ్వల మాటే కదా. స్కోరు ఒక్కటే చూసి జబ్బు అని ఎవరూ చెప్పకూడదు. చివర్లో "మీకు ఎక్కువ బెంగ ఏది" అని ఖాళీ ఉంటుంది, అందరూ వదిలేసేది అదే, అక్కడ రాయండి.

చిత్తూరు పంతులు:
టీచర్ల వైపు నుంచి ఒక మాట. నా క్లాసులో 48 మంది. లేచి తిరిగేవాడికి 2 దానంతటదే పడుతుంది, వాడు నా పాఠం ఆపుతాడు మరి. మూల కూర్చుని నోరెత్తని ఒక పాపకి అన్నీ సున్నాలు చుట్టి బంగారుతల్లి అని రాశాను. ఆ పాప నెలల తరబడి క్యారియర్ మూత తీయకుండా ఇంటికి తీసుకెళ్తోందని ఆయా చెబితే గానీ నాకు తెలియలేదు.

కొర్లగుంట అమ్మ:
ఇవాళ వెళ్లొచ్చాం. చాపల సంగతి చెబితే డాక్టర్ నవ్వి ఆ 2 కొట్టేయలేదు, ఉంచాలనీ అనలేదు, "అవ్వ ఊరెళ్లినప్పుడు ఏం చేస్తాడు?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల ఆవిడ పుత్తూరు వెళ్తే రెండు రాత్రులూ వాడు చెప్పులు వేసుకుని తలుపు దగ్గరే కూర్చున్నాడు. అది నేను ఎక్కడా రాయలేదు.