సీకమ్‌లో (పెద్దపేగు మొదటి భాగం) యాంజియోడిస్ప్లేసియా (ఉబ్బిన అసహజ రక్తనాళాల మచ్చ): ఏపీసీ (ఆర్గాన్ గ్యాస్ గుండా కరెంటు పంపి కాల్చడం) ఎన్ని వాట్లలో పెట్టాలి?

డీఎం_రెండో_ఏడు
పేషెంటుకి 74 ఏళ్లు. హిమోగ్లోబిన్ 6.8 ఉంటే రెండు బ్యాగుల రక్తం ఎక్కించాం. అయోర్టిక్ స్టెనోసిస్ (గుండెలో అయోర్టిక్ వాల్వు ఇరుకవడం) ఉంది. సీకమ్‌లో సెంటీమీటరు వెడల్పున చదునైన ఎర్ర మచ్చ, నడుమ నుంచి చెట్టు కొమ్మల్లా చీలిన సన్నటి నాళాలు. కడుపులో గేవ్ (జీర్ణాశయం చివర ఉబ్బిన రక్తనాళాలు) కాల్చిన 60 వాట్ల సెట్టింగే మెషీన్‌లో ఉంది. అదే వాడొచ్చా? పేగు శుభ్రం చేసే ప్రిపరేషన్ సగమే అయింది. నీళ్లు కొట్టి కాల్చేయమంటారా?

స్కోప్_గది
60 వద్దండీ. పెద్దపేగు మొత్తంలో సీకమ్ గోడే పలచన, గాలి నింపేకొద్దీ ఇంకా సాగి పలచబడుతుంది. 20–40 వాట్లు చాలు, ఆర్గాన్ నిమిషానికి 1 లీటరు లోపే. ప్రోబ్ మీది మొదటి నల్ల గీత తెర మీద కనబడాలి, లేదంటే స్కోప్ మొనే కాలుతుంది. ప్రోబ్ మొన పేగు లోపలి పొరకి 1–3 మి.మీ. దూరంలో ఉండాలి. తగిలించి పెడల్ నొక్కితే గ్యాస్ పొర కిందికి దూరి బుడగలా ఉబ్బుతుంది.

నొక్కడం ఒక్కో సెకను. తెల్లబడగానే వదిలేయాలి, నల్లబడేదాకా కాల్చడం అంటే చిల్లుకి దారి తీయడమే. ముందు అంచు చుట్టూ, తర్వాత నడుమ. మొదటే నడుమ కాలిస్తే రక్తం చిమ్మి ఏమీ కనబడదు. ఇంత పెద్ద మచ్చ కింద కొంచెం సెలైన్ ఎక్కించి పొరని లేపుకుంటే ఇంకా భద్రం.

చాలామంది చేసే తప్పు ఒకటుంది: 20 వాట్లలో మెరుపు రాకపోతే వాట్లు పెంచేస్తారు. దూరం ఎక్కువైందన్నమాట, ప్రోబ్‌ని కొంచెం దగ్గరికి తీసుకెళ్లాలి.

పేగు_ముచ్చట్లు
సగం ప్రిపరేషన్‌తో మాత్రం పెడల్ మీద కాలే పెట్టకండి. మలం మిగిలిన పేగులో హైడ్రోజన్, మీథేన్ ఉంటాయి. నీళ్లు కొడితే మురికి పోతుంది కానీ గ్యాస్ పోదు. నిప్పురవ్వ పడి పేగు పేలిన కేసులు రిపోర్టయ్యాయి, ఎనిమా మాత్రమే ఇచ్చి రెక్టమ్‌లో కాల్చినప్పుడు కూడా. పెగ్ ద్రావణం (పేగు శుభ్రం చేసే మందు) మొత్తం తాగించి మళ్లీ చేయండి. పేగు శుభ్రానికి మానిటాల్ (ఒక రకం చక్కెర) అసలొద్దు, పేగు బాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ పుట్టిస్తుంది. కాలుస్తున్నంతసేపూ మధ్యమధ్య సక్షన్ పెట్టాలి, ఆర్గాన్ కూడా పేగుని ఉబ్బిస్తుంది.

డీఎం_రెండో_ఏడు
ఇది కాలిస్తే రక్తస్రావం ఆగిపోతుందా?

స్కోప్_గది
ఈ మచ్చ వరకు ఆగొచ్చు. ఇలాంటివి చిన్నపేగులో ఇంకా ఉండొచ్చు. మళ్లీ హిమోగ్లోబిన్ పడితే క్యాప్సూల్ (మింగే చిన్న కెమెరా) వేయండి. అయోర్టిక్ స్టెనోసిస్ అన్నారుగా, హేడ్ అనే డాక్టర్ 1958లో రాసింది ఈ జోడీ గురించే. ఇరుకైన వాల్వు దాటేటప్పుడు వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్రొటీన్) పెద్ద అణువులు ముక్కలవుతాయి. వాల్వు మారిస్తే చాలామందిలో రక్తస్రావం తగ్గుతుంది, కాబట్టి కార్డియాలజీని ఇప్పుడే పిలవండి. ఈలోగా ఐరన్ ఆపొద్దు, మాత్రలు కుదరకపోతే నరం ద్వారా ఇవ్వండి.

పేగు_ముచ్చట్లు
ఇంకో మాట: మత్తుకి పెథిడిన్ (నొప్పి తగ్గించే ఓపియాయిడ్ మందు) ఇస్తే ఈ మచ్చలు వెలిసిపోయి కనబడకుండా పోవచ్చు. ఈసారి లోపలికి వెళ్లేముందు ఎనస్థీషియా వాళ్లకి చెప్పి పెట్టండి.