కిలిమంజారో ఎక్కి శాలువా కప్పించుకుంటే పర్వతారోహకుడేనా?

ఖాజాగూడ బల్లి:
మొన్న ఆదివారం పొద్దున్నే గుట్ట మీదికి పోతుంటే మా సందు మొదట్లో ఫ్లెక్సీ కనబడింది. "ఆఫ్రికా ఖండంలోనే ఎత్తైన శిఖరాన్ని అధిరోహించిన పర్వతారోహకుడికి శుభాభినందనలు." కిలిమంజారో ఓ మూల తపాలా బిళ్లంత. చుట్టూ పదకొండుమంది నాయకులు, ఒక్కొక్కరు కొండంత. ఆ పర్వతారోహకుడు ఈ వేదికలో మనకు తెలిసినవాడే. పోయిన నెల మన హైదరాబాద్ ఖాజాగూడ గుట్ట దగ్గర టాప్ రోప్, అంటే పైనుంచి తాడు, వేసి బండ ఎక్కిద్దామంటే, ఫిగర్ ఎయిట్ ముడి చూసి "అన్నా, ఇది ఊడిపోదు కదా?" అని మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగాల్సింది, ఈలోపు టిఫిన్‌కి వెళ్లిపోయాడు.

మనిషి మంచివాడు, ఆయన మీద కోపం లేదు. "పర్వతారోహకుడు" అన్న ఆ మాట మీదే కోపం. కిలిమంజారో 5,895 మీటర్లు, ఒప్పుకుంటా. కానీ మామూలు దారుల్లో తాడు అక్కర్లేదు, మంచులో గుచ్చే గొడ్డలి, అదే ఐస్ యాక్స్, అక్కర్లేదు. గుడారం ఒకరు మోస్తారు, వంట ఒకరు చేస్తారు, దారి ఇంకొకరు చూపిస్తారు. మనవాడు మోసింది నీళ్లూ, జెండా. దీన్ని ట్రెక్కింగ్ అంటారు. కాదనేవాళ్లుంటే రండి.

మోకాళ్ల మూర్తి:
బల్లీ, నేను అలిపిరి నుంచి 3,550 మెట్లు ఏడాదికోసారి ఎక్కుతాను. సామాను కింద అప్పగిస్తే వాళ్లే పైకి చేరుస్తారు కాబట్టి పోర్టర్లు ఉన్నట్టే లెక్క. మోకాళ్ల పర్వతం మోకాళ్ల మీదే ఎక్కా. పైన జుట్టు కూడా ఇచ్చి వచ్చా. నా ఫ్లెక్సీ ఏది?

శాలువా వీరుడు:
ఆ ఫ్లెక్సీ నాదే. చదివి ఊరుకుందామనుకున్నా, నా వల్ల కాలేదు. ముడి సంగతి నిజమే, ఇప్పటికీ ఆ ముడి మీద నాకు నమ్మకం లేదు.

కానీ బల్లి అన్నా, కిలిమంజారో మీద ఆఖరి మజిలీ బరాఫు క్యాంపు నుంచి అర్ధరాత్రి ఎప్పుడైనా బయల్దేరావా? అక్కడి నుంచి తెల్లారేసరికి 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కాలి. కాళ్ల కింద బూడిదా, కంకరా. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. నీళ్ల గొట్టం గంటలోపే గడ్డకట్టింది. నా హెడ్‌ల్యాంప్ వెలుగులో ముందు పోయేవాడి బూటు మడమ తప్ప ఆరు గంటలు ఇంకేమీ చూడలేదు. గైడు "పోలే పోలే" అంటుంటాడు, స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. అంతకంటే మెల్లగా నడిస్తే నిలబడినట్టే. శిఖరానికి కాస్త కింద, స్టెల్లా పాయింట్ దగ్గర వాంతి అయింది, తర్వాత ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు. ఆ ఎత్తులో మనకు అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో సగం. నువ్వేమో నాలుగు మీటర్ల బండ ఎక్కి ఇరానీ చాయ్‌కి పోతావు. నాకంటే నువ్వు ఏ రకంగా పర్వతారోహకుడివి?

ఖాజాగూడ బల్లి:
నేనెప్పుడన్నా తమ్మీ పర్వతారోహకుణ్ణని? నేను బల్లిని, పేరు చూసుకో. దూరపు కొండలు నునుపు అన్న పెద్దమనిషి ఆ కంకర మీద నడిచి ఉండడని మాత్రం ఇప్పుడు అర్థమైంది.

ఉత్తరకాశి బ్యాచ్:
నాదీ బల్లి మాటే, కారణం మాత్రం వేరు. నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు చేశాను. అక్కడ ఎక్కడం కంటే ముందు పడటం నేర్పారు. మంచు వాలు మీద కావాలని జారాలి, జారుతూనే బోర్లా తిరిగి ఐస్ యాక్స్ గుచ్చి ఆగాలి. మొదటిసారి యాక్స్ ఒక దారి పట్టింది, నేను ఒక దారి పట్టాను. బోధకుడు హిందీలో అన్నది ఇక్కడ రాస్తే అడ్మిన్ తీసేస్తాడు.

పక్కవాడు పడితే ఆపగలవా, మంచు పగులులో ఇరుక్కుంటే పైకి లాగగలవా? నేను అడిగేది అదే. ఆ లెక్కన ఎవరెస్టు మీద ముందే కట్టి ఉంచిన తాడుకి (ఫిక్స్‌డ్ రోప్) జుమార్ అనే పట్టు పరికరం తగిలించుకుని పోయేవాళ్లలో చాలామంది టికెట్ కొన్న ప్రయాణికులే. తాడు కట్టేదీ, ఆక్సిజన్ సిలిండర్లు పైకి చేర్చేదీ అక్కడి కొండల్లోని షెర్పాలు. మెస్నర్, హాబెలర్ అనే ఇద్దరు పర్వతారోహకులు 1978లోనే సిలిండర్ లేకుండా ఎక్కి చూపించారు కదా.

భువనగిరి అక్క:
వచ్చిందమ్మా సర్టిఫికెట్ల ఆఫీసు! మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న పిల్ల, మా భువనగిరి బండ మీద మొదలుపెట్టింది. సిలిండరుంది, షెర్పాలున్నారు, తాడుంది. ఆ పిల్ల ప్రయాణికురాలా? మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాల్నీ 172 రోజుల్లో ఎక్కాడు. మీరు తీసిపారేస్తున్న కిలిమంజారో ఆ ఏడింట్లో ఒకటి. ఆ ఒక్కరోజూ ఆయన ట్రెక్కరు, మిగతా ఆరు రోజులూ పర్వతారోహకుడూనా?

ఇక ఫ్లెక్సీ గురించి. మా దగ్గర నేర్చుకునే ఒక కుర్రాడి నాన్న ఆటో నడుపుతాడు. వాడు పెద్ద కొండకు పోవాలంటే లక్షలు కావాలి. ఇచ్చినవాళ్ల ఫొటో వెయ్యకపోతే తర్వాతి కొండకు రూపాయి పుట్టదు. ఆ పదకొండు మొహాల వెనక ఎన్ని ఆఫీసుల ముందు పడిగాపులున్నాయో మీకు తెలీదు. సొంత జీతంతో ఎక్కేవాళ్లకే మాటల మడి.

ఉత్తరకాశి బ్యాచ్:
అక్కా, పూర్ణ డార్జిలింగ్‌లో, లదాఖ్‌లో శిక్షణ తీసుకునే వెళ్లింది. నా లెక్కలో పాసే. మస్తాన్ బాబు ఆ ఒక్కరోజు ట్రెక్కరే అంటాను, ఆయనకేం తక్కువైంది? ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ 2015లో పోయిన మనిషి. ఆయనకు మనం పేరు పెట్టేదేముంది. ఆటో నాన్న సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

సగంలో దిగినవాడు:
నాకు ఫ్లెక్సీ లేదు, రాదు కూడా. రెండేళ్ల కిందట లదాఖ్‌లో ఆరు వేల మీటర్లు దాటిన ఒక కొండకు వెళ్లాం. 5,600 దగ్గర బూట్ల కింద మంచులో పట్టు కోసం కట్టుకునే ఇనుప ముళ్ల క్రాంపాన్ సర్దుకోవడానికని నా తాడు మీదున్న దోస్తు చేతి తొడుగు తీశాడు. మళ్లీ వేసుకోలేకపోయాడు. ఏ వేలు ఎందులో పోవాలో తెలీక, తొడుగును ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవరా అన్నా. మూడో అడుగుకే పక్కకి ఒరిగాడు. ఎత్తులో మనిషి అలా తూలితే మెదడు వాస్తోందని అనుమానించాలి, వెంటనే కిందికి దింపాలి. ఇది నాకూ తెలుసు, మమ్మల్ని తీసుకెళ్లిన గైడుకీ తెలుసు. ఆయన మాత్రం "ఇంకో గంటే సార్, ఫొటో తీసుకుని దిగిపోదాం" అన్నాడు.

అక్కణ్ణించే దిగిపోయాం. కింది క్యాంపుకి వచ్చేసరికి మావాడు తన తొడుగు తనే వేసుకుని, నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆపలేదు. ఇంటికొస్తే మా మామయ్య, "పైదాకా పోలేదా? మరి డబ్బులు కొంతైనా వాపసు ఇచ్చారా?"

శాలువా తమ్ముడూ, నిన్ను ఒకటే అడుగుతా. వాంతి అయినప్పుడు పైకి పోవాలా, దిగాలా అని తేల్చింది నువ్వా, గైడా?

శాలువా వీరుడు:
గైడే అన్నా. మొహం మీద లైటు వేసి నా పేరడిగాడు, ఊరి పేరడిగాడు, ఇవాళ ఏ వారమో అడిగాడు. మొదటి రెండూ చెప్పా. మూడోది ఆయనకే గుర్తులేదని నవ్వాడు. తర్వాత నా బ్యాగు కూడా తనే తగిలించుకుని ముందు నడిచాడు. దిగమని ఉంటే దిగేవాణ్ణే, ఎదురు చెప్పే ఓపిక ఎక్కడిది. ఆ కొండ రెండొందలసార్లకు పైగా ఎక్కాడట. ఫ్లెక్సీలో ఆయన ఫొటో లేదు. పదకొండుమందిని సర్దేసరికి చోటు లేదని ప్రింటింగ్ షాపతను అన్నాడు, నేనూ సరే అన్నా. అది ఇప్పుడు గుచ్చుకుంటోంది.

మోకాళ్ల మూర్తి:
రెండొందలసార్లా! ఆయనకు కట్టాలంటే చౌరస్తా చాలదు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పొడుగునా స్తంభానికొకటి కట్టాలి.

భువనగిరి అక్క:
ఆ గుడ్డ డబ్బులేవో ఇటు ఇవ్వండి, మా పిల్లలకు క్లైంబింగ్ షూస్ కొంటాం.

ఖాజాగూడ బల్లి:
ఆ మాట మీద నా అభ్యంతరం అభ్యంతరమే. కానీ ఇంత నిజం చెప్పినవాణ్ణి ఇంకా ఏడిపిస్తే పాపం తగులుతుంది. ఆ గైడు ఫొటో ఉంటే పంపు తమ్మీ, ఈ వేదిక పైన మన గుట్ట బొమ్మ తీసి అది పెట్టిస్తా. గుట్ట బొమ్మ ఎలాగూ పాతబడింది, అందులో వెనకున్న బండలు ఇప్పుడు లేవు, అపార్ట్‌మెంట్ లేచింది. 250 కోట్ల ఏళ్ల గ్రానైట్‌కి మనవాళ్లు ఇచ్చిన గడువు పద్దెనిమిది నెలలు.

ఆదివారం పొద్దున ఆరింటికి రండి, ఎండెక్కితే బండ మీద వేళ్ల తోలు మిగలదు. శాలువా తమ్మీ, ఈసారి ముడి నీ చేతే కట్టిస్తా, నువ్వే వేలాడు. వచ్చేటప్పుడు ఓ శాలువా తీసుకురా, పడితే దెబ్బ తగలకుండా కింద వేసే క్రాష్ ప్యాడ్ పైన గుడ్డ చిరిగింది.

శాలువా వీరుడు:
ఏ రంగుది తేవాలి? తొమ్మిది ఉన్నాయి.